మెంగ్ అన్నయ్య వీపు

మొక్పోలో మెంగ్ అన్నయ్య ముఖం తెలియనివాళ్ళు ఉంటారేమోగానీ, ఆయన వీపు తెలియనివాళ్ళు లేరు. మా ఊరి జట్టు బేస్‌బాల్ మ్యాచి టీవీలో వచ్చినప్పుడల్లా, బ్యాటు పట్టుకుని నిలబడ్డ తక్ మన్‌హో వెనకాల, వల అవతల, జనం మధ్యలో ఒక పచ్చచొక్కా వీపు కనబడేది. స్టేడియంలో ఉన్నవాళ్ళందరూ కళ్ళు పెద్దవి చేసుకుని మన్‌హోని చూస్తుంటే ఆ ఒక్క వీపు మాత్రం మైదానంతో మాటలు లేనట్టు నిలబడి ఉండేది.

మన్‌హో బ్యాటింగుకి వచ్చాడంటే చాలు, మెంగ్ అన్నయ్య గిరుక్కున వెనక్కి తిరిగిపోయేవాడు. టిక్కెట్టు కొనుక్కుని, ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చి, తీరా చూడాల్సినవాడు రాగానే చూడడం మానేసే మనిషిని నేను ఇంకొకణ్ణి ఎరగను. ఎందుకయ్యా ఈ విడ్డూరం అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పేవాడు.

"నేను చూస్తే వాడు అవుటైపోతాడు. నా కళ్ళు అలాంటివి."

ఇలాంటి నమ్మకాలు మాకు కొత్తేమీ కాదు. గెలిచిన రోజు వేసుకున్న బనీను సీజను అయ్యేదాకా ఉతకనివాళ్ళు మా ఊళ్ళో వీధికి ఇద్దరుంటారు. తను స్టేడియానికి వస్తే జట్టు ఓడిపోతుందని, ఎదురింట్లోనే ఉండి కూడా కిటికీ మూసుకుని కూర్చునే పెద్దమనుషులున్నారు. కానీ వాళ్ళంతా గుట్టుగా ఉంటారు. మెంగ్ అన్నయ్య మాత్రం తన దరిద్రాన్ని మైకు లేకుండానే ఊరంతటికీ చాటేవాడు.

ఆయనదీ నాదీ పక్కపక్క కొట్లు. ఆయన గోడలకి రంగురంగుల కాగితాలు అతికిస్తాడు, నేను ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తాను. నా పేరు యోమ్ సున్‌రే. మా ఆయనకి బేస్‌బాల్ అంటే తలనొప్పి. ఆదివారం మధ్యాహ్నం సీరియల్ ముందు కూర్చున్నాడంటే ఇల్లు అంటుకున్నా లేవడు. మెంగ్ వదినకేమో మొగుడు ఇంట్లో ఉంటే తలనొప్పి. "తీసుకుపోవే తల్లీ, ఆ నోటికి కాస్త గాలి తగలనీ" అని ఆవిడే నాకు అప్పగించింది. అలా మేమిద్దరం చాలా ఏళ్ళుగా, ఆదివారం ఆదివారం, వల వెనకాల ఒకే చోట కూర్చుని మొక్పో కొంగలని ఆశీర్వదిస్తూ తిడుతూ ఉండేవాళ్ళం. కొంగలంటే మా జట్టు పేరు.

ఒకటి ముందే చెప్పాలి. మన్‌హో అంటే మెంగ్ అన్నయ్యకి ప్రాణం. వాడు బ్యాటు తిప్పే తీరు చూడ్డానికే ఆయన స్టేడియానికి వచ్చేవాడు. కొట్టులో గోడకి జిగురు రాస్తూ రాస్తూ ఆగిపోయి, కుంచె రెండు చేతులా పట్టుకుని, నడుము తిప్పి, "ఇదిగో, ఇలా! ఇక్కడ మోకాలు వంగుతుంది చూశావా, ఇక్కణ్ణుంచి వస్తుంది బలం!" అని ఊపేవాడు. జిగురు ఎగిరి వచ్చి నా కొట్టు అద్దం మీద పడేది. ఆ అద్దం తుడిచీ తుడిచీ నా భుజం అరిగిపోయింది.

మన్‌హో పక్కనున్న దీవుల్లో పుట్టినవాడు. వాడు కొట్టిన బంతి వెళ్ళి సముద్రంలో పడిందని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. పడలేదు, స్టేడియం బయట చేపలారబోసే చోట పడింది. అయినా మేం సముద్రమనే చెబుతాం. వాణ్ణి 'సమ్మెట' అని పిలిచేవాళ్ళం. అలాంటి సమ్మెటకి ఆ ఏడు వసంతంలో ఏమైందో ఏమో, ఊపితే గాలి, ఊపితే గాలి. బేస్‌బాల్లో మూడుసార్లు ఊపి బంతిని తాకలేకపోతే స్ట్రైకౌట్, నోరుమూసుకుని వెనక్కి వెళ్ళాలి. చెర్రీపూలు రాలిపోయేసరికి సమ్మెట పేరు 'ఫ్యాను' అయింది. మన్‌హో రాగానే జనం చొక్కా గుండీలు విప్పి, "ఒరేయ్, కాస్త గట్టిగా తిప్పరా, ఉక్కపోస్తోంది!" అని అరిచేవాళ్ళు.

మన్‌హోకి ఇంకో అలవాటుంది. అవుటైనప్పుడల్లా హెల్మెట్ తీసి, జనానికి తలవంచి మరీ వెళ్ళేవాడు. ఆ ఏడు మేం వాడి ఆటకంటే వాడి నడినెత్తి ఎక్కువ చూశాం. చాలా మంచి జుట్టు. నుదుటి మీద కోసుగా దిగి, ఎడమవైపున రెండు సుడులు తిరిగిన జుట్టు. ఎంతమందిని కత్తిరించినా అలాంటిది నాకు దొరకలేదు.

మెంగ్ అన్నయ్య వెనక్కి తిరగడం మొదలైన ఆదివారం నాకు బాగా గుర్తుంది. మన్‌హో ఆ రోజు మూడోసారి స్ట్రైకౌట్ అయ్యాడు. మాకు పైన కొన్ని వరసల అవతల పేక్ కూర్చునేవాడు. చేపల వేలం పాడేవాడు, గొంతు రేవులో విప్పితే దీవుల్లో వినబడుతుంది. వాడు లేచి నిలబడి మొదలుపెట్టాడు.

"ఒరేయ్ ఫ్యానూ! నిన్ను కని మీ అమ్మ నాచు చారు ఎలా మింగిందిరా!"

మాలో బాలింతకి మొట్టమొదట పెట్టేది సముద్రపు నాచు చారే; కన్నందుకే తల్లిని తిట్టినట్టు. అందుకని మా దగ్గర ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. జనం గొల్లుమన్నారు, ఇంకో నలుగురు అందుకున్నారు. మెంగ్ అన్నయ్య విసురుగా వెనక్కి తిరిగాడు. ఇప్పుడు పేక్‌కి మూడిందనుకుని నేను వేయించిన కోడి పొట్లం పక్కన పెట్టాను. ఆయన నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగి, ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తాడు.

"నాదే తప్పు! నేను చూశాను!"

"ఏం చూశావ్ బాబాయ్?" అన్నాడు పేక్.

"మన్‌హోని! నేను చూసినప్పుడల్లా వాడు అవుటవుతున్నాడు. మొదటిసారి చూశాను, అవుట్. రెండోసారి చూశాను, అవుట్. మూడోసారి వద్దులే అనుకుంటూనే చూశాను. నన్ను తిట్టండి!"

తిట్టమంటే ఊరుకునే జనమా మావాళ్ళు? మన్‌హోని వదిలేసి ఆయన మీద పడ్డారు. "ముసలాడా, మరి తెలిసీ ఎందుకు చూశావ్?" "నీ కళ్ళల్లో కారం పడ!" "ఇంట్లో కూర్చుని గోడలు చూసుకోక నీకెందుకయ్యా ఆట?" ఆయన ఒక్కొక్కరికీ తల వంచుతూ, "అవును, నిజమే, బుద్ధి లేకపోయింది" అని పెళ్ళిలో అక్షతలు వేయించుకుంటున్నట్టు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇక అక్కణ్ణుంచి అదే తంతు. మన్‌హో రాగానే అందరూ మెంగ్ అన్నయ్య కేసి చూసేవాళ్ళు. "బాబాయ్, తిరుగు!" ఆయన తిరిగేవాడు. మన్‌హో అవుటయ్యేవాడు. "తిరిగినా అవుటయ్యాడేంటి?" అని పేక్ నిలదీసేవాడు. మెంగ్ అన్నయ్య దగ్గర కారణాలకి కరువు లేదు.

"నీ నల్లకళ్ళజోడులో నీడ కనబడిందిరా పేక్. చూడకూడదనుకుంటూనే చూసేశాను."

మరుసటి వారం పేక్ కళ్ళజోడు తీసేశాడు. మన్‌హో మళ్ళీ అవుట్.

"ఇవాళ ఏమైంది?"

"కళ్ళు చూడలేదు, చెవులు విన్నాయి. వాడి బ్యాటు చప్పుడు వింటే నాకు కళ్ళతో చూసినట్టే ఉంటుంది."

ఆ పై వారం ఎవరో దూది తెచ్చారు. ఇంకో వారం పేక్ వేయించిన కోడి వచ్చే అట్టపెట్టె ఖాళీచేసి ఆయన నెత్తి మీద బోర్లించాడు. ఆ వాసనకి ఆకలేసి, పెట్టె కాస్త పైకెత్తి ఒక ముక్క నోట్లో వేసుకున్నాననీ, ఆ సందులోంచి చూపు జారిందనీ ఒప్పుకున్నాడు మెంగ్ అన్నయ్య. అట్టపెట్టెలో మనిషి తల ఊపుతూ క్షమాపణ చెబుతుంటే పసుపు నూనె చెవుల మీదుగా కారుతోంది. ఆ దృశ్యం టీవీలో కూడా వచ్చింది. మెంగ్ వదిన వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. వారం రోజులూ హాయిగా గడిచాయని ఆయన నాతో చెప్పాడు.

జనంతో పాటలు పాడించే కుర్రాడికి కూడా ఈయనతో పేచీ వచ్చింది. మా స్టేడియంలో ఒక్కొక్క ఆటగాడికీ ఒక్కో పాట. ఆ కుర్రాడు అరుగెక్కి, జనం వైపు తిరిగి, విజిలూదుతూ పాడిస్తాడు. మైదానానికి వీపు పెట్టి నిలబడే హక్కు అంతకుముందు వాడొక్కడిదే.

"అయ్యా, జనం నన్ను చూడ్డం మానేసి మిమ్మల్ని చూస్తున్నారు. నా ఉద్యోగం పోయేలా ఉంది" అని మొత్తుకున్నాడు.

"నీకు జీతం ఇస్తారు బాబూ. నేను సొంత ఖర్చు మీద చేస్తున్నాను" అన్నాడు మెంగ్ అన్నయ్య.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. నేను మూఢనమ్మకాలున్న మనిషిని కాను. గెలిచిన రోజు పెట్టుకున్న క్లిప్పే ప్రతి మ్యాచికీ పెట్టుకుంటానంటే అది వేరే సంగతి. "నీ కళ్ళకంత మహత్యం ఉంటే అవతలి జట్టువాళ్ళని చూడొచ్చుగా అన్నయ్యా?" అన్నాను ఒకసారి. ఆయన తల గోక్కున్నాడు. తరవాత, "వాళ్ళ మీద పనిచెయ్యదు సున్‌రే. మనవాళ్ళకే తగులుతుంది నా దిష్టి" అన్నాడు.

వానలు మొదలయ్యాక పరిస్థితి ముదిరింది. వరసగా ఓడిపోతే మావాళ్ళకో ఆచారం ఉంది. మ్యాచి అయ్యాక వెళ్ళి ఆటగాళ్ళ బస్సుకి అడ్డంగా కూర్చుంటారు, ఎవడి మీద కోపమొస్తే వాణ్ణి దిగి వచ్చి సంజాయిషీ చెప్పమంటారు. చెప్పేదాకా బస్సు కదలదు. ఆ రోజు చిన్న తుంపర. గొడుగుల కింద పెద్ద గుంపు చేరి, "మన్‌హో, దిగు! మన్‌హో, దిగు!" అని బస్సు రేకు మీద దరువేస్తోంది. కిటికీ తెర వెనకాల వాడి తల కనబడుతోంది. వంచుకునే ఉంది. నాకూ ఆ రోజు కోపంగానే ఉంది. నేనూ ఒక దరువేశాను.

ఇంతలో బస్సు మెట్టు మీద మెంగ్ అన్నయ్య ప్రత్యక్షమయ్యాడు. ఎలా దూరాడో తెలియదు.

"మీరు అడుగుతున్న మనిషి లోపల లేడు. ఇక్కడున్నాడు" అని గుండెల మీద చేయి పెట్టుకున్నాడు. "ఇవాళ వేళ్ళ సందులోంచి చూశాను. పూర్తిగా చూశాను. ఆ రెండో బంతి వాడు ఎంత అందంగా వదిలేశాడనుకున్నారు! చూస్తూ ఉండిపోయాను. పాపం వాడేం చేస్తాడు?"

"బాబాయ్, నువ్వు తప్పుకో" అన్నాడు పేక్.

"తప్పుకోను. ఏం శిక్ష వేస్తారో వెయ్యండి."

శిక్ష ఏం వెయ్యాలో గుంపుకి తోచలేదు. చివరికి ఎవరో పాట పాడమన్నారు. మెంగ్ అన్నయ్య పాటంటే మా వీధి కుక్కలు కూడా ఊరు వదిలిపోతాయి. వానలో తడుస్తూ, బస్సు మెట్టు మీద, కళ్ళు మూసుకుని అందుకున్నాడు. రెండో చరణానికే గుంపు సగమైంది, మూడో చరణానికి దారి ఖాళీ అయింది. బస్సు మెల్లిగా కదిలిపోయింది. ఆ రాగం ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

జూలైలో మెంగ్ వదిన చీటీల స్నేహితురాళ్ళంతా మొగుళ్ళని వెంటబెట్టుకుని వేడినీటి ఊటలకి బయలుదేరారు. సరిగ్గా ఆదివారం. మెంగ్ అన్నయ్య కడుపునొప్పి అన్నాడు, నడుమునొప్పి అన్నాడు. "అన్నిటికీ వేడినీళ్ళు మంచివే" అని వదిన బట్టలు సర్దేసింది. బస్సెక్కే ముందు ఆయన నా కొట్టులోకి పరిగెత్తుకొచ్చాడు. నా చేతిలో ఒకావిడ సగం కత్తిరించిన తల ఉంది.

"సున్‌రే, ఇవాళ నా డ్యూటీ నీది. మన్‌హో రాగానే వెనక్కి తిరుగు. అవుటైతే 'నేనే చూశాను' అని అరవాలి. గట్టిగా అరవాలి."

"నాకేం ఖర్మ! ఊళ్ళో నాకూ మర్యాద ఉంది."

"నీ కాళ్ళు పట్టుకుంటా చెల్లెమ్మా. ఈ ఒక్క వారం."

అంతలో బయట వదిన కేక వినబడి పరుగు తీశాడు. చెయ్యనుగాక చెయ్యనని నేను గట్టిగానే అనుకున్నాను.

ఆ ఆదివారం మన్‌హో రాగానే అందరూ మా వరస కేసి చూశారు. మెంగ్ అన్నయ్య లేడు. "బాబాయ్ లేడు, ఇవాళ సమ్మెట కొడతాడు!" అని పేక్ ఎగిరి గంతేశాడు. ఊపు, గాలి. ఊపు, గాలి. ఊపు, గాలి. స్టేడియం ఒక్కసారిగా చప్పబడిపోయింది. ఇంతకాలం ఒక మనిషి మీద తీర్చుకున్న కోపం దిగడానికి చోటు లేక, రెట్టింపై మన్‌హో మీదికి వెళ్ళింది. తిట్లంటే ఆ రోజువి. చివర్న పేక్ గొంతు మళ్ళీ అదే అందుకుంది. నాచు చారు.

నాకు పాత కోడిముక్క విసిరికొట్టాలనిపించింది. విసరడానికే వెనక్కి తిరిగాను.

మా వెనక వరసలోనే ఒక పెద్దావిడ కూర్చునేది. దీవుల్నించి పడవెక్కి వచ్చేది కాబట్టి అందరం దీవి పెద్దమ్మ అనేవాళ్ళం. నెత్తికి తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళో ఉడికించిన చిలగడదుంపలు పెట్టుకుని, మ్యాచి అంతా నోరు మెదపకుండా చూసి, ఆఖరి పడవకి వెళ్ళిపోయేది. ఆవిడ కేసి నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. వీపు వెనక ఉన్నవాళ్ళని ఎవరు చూస్తారు?

ఆవిడ చేతిలో దుంప సగం వలిచి ఉంది. తిట్టు వినబడినప్పుడల్లా ఆ వేళ్ళు ఆగిపోతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. చెవి పెట్టి విన్నాను. "తప్పయిపోయింది... తప్పయిపోయింది..." అని గొణుగుతోంది, ఎవరికో తెలియదు. ఉక్కకి తువ్వాలు జారి భుజం మీద పడింది. నుదుటి మీద కోసుగా దిగి, ఎడమవైపున రెండు సుడులు తిరిగిన తెల్లజుట్టు.

 ఏం చేస్తున్నానో తెలిసేలోపలే బెంచీ ఎక్కాను.

"నేనే చూశాను! మెంగ్ అన్నయ్య చూడొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళాడు! ఆయన కళ్ళు నాకు అంటించి పోయాడు! నన్ను తిట్టండిరా!"

తిట్టారు. నా కొట్టుకి జన్మలో రామన్నారు. నేను కత్తిరించిన జుట్టు చీపురులా ఉంటుందన్నారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ దీవి పెద్దమ్మ వేళ్ళు మళ్ళీ దుంప వలవడం మొదలుపెట్టాయి.

మర్నాడు పొద్దున్నే మెంగ్ అన్నయ్య కొట్టు ముందు కాపు కాశాను. ఒళ్ళంతా ఎర్రగా ఉడికిపోయి వచ్చాడు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నాను.

ఆయన తాళం తీసి తలుపు తోశాడు.

"ఏప్రిల్లో. పేక్‌గాణ్ణి నాలుగు కడిగేద్దామని తిరిగాను కదా, ఎదురుగా ఆవిడ ముఖం. చూడగానే తెలిసిపోయింది. ఆ కనుబొమలు వాడివే. కొట్లాట పెట్టుకుంటే ఇంకా నలుగురు అదే మాట అందుకుంటారు. ఏం చెయ్యాలో తోచక నోటికొచ్చింది వాగాను. అతికింది. అంతే."

"ఆవిడ వస్తోందని కొడుక్కి చెప్పొచ్చుగా?"

"కొట్టేదాకా రావద్దమ్మా అన్నాట్ట వాడు. దొంగతనంగా వస్తోంది. రేవులో పడవవాణ్ణి అడిగి తెలుసుకున్నాను. నువ్వు మాత్రం నోరు జారకు, నీ నోరు నాకు తెలుసు."

"నీ నోటికంటే నయమే."

ఆయన జిగురు బకెట్టు కలపడం మొదలుపెట్టాడు. తరవాత, అటు తిరిగే, మెల్లిగా అడిగాడు. "నిన్న ఎలా ఊపాడు సున్‌రే? భుజం పడిపోతోందా ఇంకా? ఏప్రిల్ నుంచి చూళ్ళేదు నేను."

అప్పుడు నాకు అర్థమైంది. ఆ వేళ్ళ సందులూ, కళ్ళజోడు నీడలూ అన్నీ అబద్ధం. ఈ మనిషి నిజంగానే చూడడంలేదు. తనకి అన్నిటికంటే ఇష్టమైన ఆ ఒక్క ఊపునీ ఆ ఏడాది వదిలేసుకున్నాడు. నాకు మహా జాలేసింది. కుంచె లాక్కుని, నాకొచ్చినంతలో మన్‌హోలా నిలబడి, మోకాలు వంచి ఊపి చూపించాను. జిగురు వెళ్ళి నా అద్దం మీదే పడింది. అక్కణ్ణుంచి ప్రతి సోమవారం పొద్దున అదే పని.

సెప్టెంబరు వచ్చింది. కొంగలు అట్టడుగున ఉన్నాయి. కోచ్ పేపర్లో చెప్పేశాడు, ఆఖరి ఆదివారం కూడా మన్‌హో కొట్టకపోతే వచ్చే ఏడు జట్టులో చోటు లేదని. ముప్ఫై దాటినవాణ్ణి ఒకసారి తీసేస్తే ఇంక ఎవరూ పిలవరు. పడవలూ వలలే గతి. ఆ సంగతి స్టేడియంలో అందరికీ తెలుసు. దీవి పెద్దమ్మకీ తెలుసు. ఆ రోజు ఆవిడ దుంపలు తెచ్చింది కానీ మూట విప్పలేదు.

సియోల్ నుంచి వచ్చిన జట్టుతో మ్యాచి. మన్‌హో మొదట రెండుసార్లు వచ్చాడు, గాలి విసిరి వెళ్ళాడు. మెంగ్ అన్నయ్య రెండుసార్లూ తిరిగాడు, రెండుసార్లూ తిట్లు తిన్నాడు. ఆఖరిసారి మన్‌హో రాగానే పేక్ అరిచాడు. "బాబాయ్, ఇవాళైనా సరిగ్గా తిరుగు! ఊపిరి కూడా పీల్చకు!"

మెంగ్ అన్నయ్య తిరిగాడు. ఎదురుగా దీవి పెద్దమ్మ. ఆవిడ ముందుకు వంగి, మొదటిసారి ఆయనతో మాట్లాడింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"తమ్ముడూ, అటు తిరుగు."

"అమ్మో, వద్దక్కయ్యా. నా కళ్ళు మంచివి కావు."

"నీ కళ్ళ సంగతి నాకు ఏప్రిల్లోనే తెలుసు. వాడి ఊపంటే నీకెంత ఇష్టమో కూడా తెలుసు. పక్కావిడతో చెబుతుంటే వింటూనే ఉన్నాను." ఆవిడ మైదానం కేసి చూపించింది. "ఇదే ఆఖరిదేమో. నా కొడుకుని ఒక్కసారి చూడు. అవుటైతే అవనీ."

మెంగ్ అన్నయ్య నా కేసి చూశాడు.  మొదటి బంతి వచ్చింది, గాలి. రెండోది, గాలి. ఆయన మెల్లిగా మైదానం వైపు తిరిగాడు.

స్టేడియం హాహాకారాలు చేసింది. "బాబాయ్ చూస్తున్నాడు!" "ఎవరైనా పట్టుకోండిరా!" పేక్ బెంచీల మీంచి దూకుతూ వస్తున్నాడు, చేతిలో అట్టపెట్టెతో. నేను అడ్డం నిలబడ్డాను. వాడి కాలు నా కాలికి తగిలి ఇద్దరం పడ్డాం. అందుకని ఆ ఊపు నేను చూడలేదు. చప్పుడు విన్నాను. ఆ చప్పుడు ఏడాదిగా మా స్టేడియంలో లేదు.

లేచేసరికి బంతి లైటు స్తంభం పక్కనుంచి ఇంకా పైకే వెళుతోంది. సముద్రంలో పడింది. ఈసారి నిజంగానే పడిందని నేను ప్రమాణం చేస్తాను. జనం ఒకరి మీద ఒకరు పడి కావలించుకుంటున్నారు. మన్‌హో పరిగెత్తడం మరిచిపోయి నిలబడ్డాడు, అంపైరు గుర్తు చెయ్యాల్సి వచ్చింది. మెంగ్ అన్నయ్య కళ్ళు పెద్దవి చేసుకుని, చెంపల మీంచి నీళ్ళు కారిపోతుంటే, "మోకాలు... మోకాలు చూశావా సున్‌రే!" అంటున్నాడు.

గోల కాస్త తగ్గాక పేక్ అట్టపెట్టె పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"బాబాయ్, నువ్వు చూశావ్."

"ఆ... అంటే..."

"చూశావ్. అయినా కొట్టాడు. అంటే ఏడాదంతా నీ వల్ల కాదన్నమాట. వాడి వల్లే..."

చుట్టుపక్కల వాళ్ళంతా ఇటు తిరిగారు. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుంటున్నారు. వచ్చే ఏడాది తిట్లన్నీ ఎటు పోతాయో నాకు కళ్ళకి కట్టింది. ఎన్ని అబద్ధాలైనా అవలీలగా చెప్పే మెంగ్ అన్నయ్య ఆ నిమిషంలో ఒక్కటి కూడా దొరక్క, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. 

"ఒక కన్ను మూసుకున్నాడు."

దీవి పెద్దమ్మ లేచి నిలబడింది. అంతవరకూ ఆవిడ గొంతు స్టేడియంలో ఎవరూ వినలేదు. చూస్తే గట్టి గొంతే.

"ఎడమ కన్ను మూసే ఉంది. నేను పక్కనుంచి చూశాను. కుడికన్నుతోనే చూశాడు."

పేక్ ఆలోచించాడు. వాడి బుర్ర తిరగడం బయటికి కనబడుతుంది.

"అదీ సంగతి!" అని తొడ చరిచాడు. "ఏడాదంతా రెండు కళ్ళూ తెరుచుకునే తిరిగాడు కాబట్టి అన్నీ గాలికి పోయాయి! ఇవాళ ఒక కన్ను మూశాడు కాబట్టి తగిలింది! బాబాయ్, వచ్చే ఏడు రెండూ మూసుకో, ఛాంపియన్లమే!"

"మూసుకుంటాను" అన్నాడు మెంగ్ అన్నయ్య బుద్ధిగా.

"ఒట్టు?"

"ఒట్టు."

అందరూ ఊపిరి పీల్చుకుని మన్‌హో పాట అందుకున్నారు. పాటలు పాడించే కుర్రాడు విజిలూదాల్సిన అవసరం కూడా లేకపోయింది. దీవి పెద్దమ్మ దుంపల మూట విప్పి, అన్నిటికంటే పెద్దది తీసి మెంగ్ అన్నయ్య చేతిలో పెట్టి, తువ్వాలు సర్దుకుంది. పడవ వేళయింది. మెట్లు దిగబోతూ ఆగి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"వచ్చే ఏడు కూడా కుడికన్ను తెరుచుకునే ఉండు తమ్ముడూ. వీళ్ళ సంగతి నేను చూసుకుంటాను."